మూడు కొనలు

రాత్రి పదకొండు. గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి.
కంప్రెసర్ ఒకే లయలో దగ్గుతోంది,
గుంట మగ్గంలో నాన్న కాలు తొక్కినట్టు.
పది కెల్విన్లు.
బరంపురం వేసవిలో, ఈ స్టీలు డబ్బాలో,
పావలా బిళ్లంత నీలమణి పలక మీద,
గాలి కూడా గడ్డకట్టే చలి.

చిన్న పొయ్యిలో సోడియం ఆవిరవుతోంది.
దానితో పాటు ఆర్గాన్ వచ్చి మంచై కూర్చుంటోంది.
వెయ్యి ఆర్గాన్లకి ఒక్క సోడియం.
రథయాత్ర జనంలో తప్పిపోయిన పిల్లాడికి
ఎటు చూసినా ఎవరివో నడుములు.
ఎవరూ పలకరించరు, ఎవరూ తోసెయ్యరు,
నిలబడేంత చోటిస్తారు, అంతే.

ఈ వాయువుకి సోమరి అని పేరు పెట్టారట.
చెయ్యి పట్టుకోకుండానే ఒకణ్ణి
ఇంత గట్టిగా నిలబెట్టేది సోమరెలా అవుతుంది?

తెల్లదీపం వేశాను.
పొయ్యిలో ఉప్పు పడితే లేస్తుందే, ఆ పసుపు,
ఒంటరి సోడియానిది,
సన్నటి గీత, ఏ దేశంలో చూసినా అదే చోట.
ఇక్కడ ఆ చోటు ఖాళీ.
కాస్త ఆకుపచ్చ వైపు జరిగి
మూడు గుట్టలు, వెడల్పుగా, భుజాలు రాసుకుంటూ.
పంజరం వణుకుతుంది, బిగుతుకి గీత చీలుతుంది
అన్నారు పాణిగ్రాహి సారు.
రాసుకున్నాను. సగం అర్థమైంది.

ఆదివారం ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లాను, దేరా వీధికి.
మా నాన్న కూర్మయ్య గోళ్లలో
నలభై ఏళ్లుగా కడిగినా పోని మోదుగరంగు.
కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూశాడు.
"ఏటే ఇది? ఫొడా కుంభం అంచు గదే. మూడు కొనలు."
కాదు నాన్నా, వెలుగు. ఏ రంగుని ఎంత మింగిందో.
"ఏది మింగింది?"
పసుపుని మింగింది, అందుకే మంచు నీలంగా ఉంది.
"పోగు మింగింది మనకి కనపడదు. ఉమ్మిందే రంగు.
దీనికి నువ్వింత చదవాలేటి?"
కాగితం మాత్రం ఇవ్వలేదు.
కాసేపటికి: "ఒకటుండాల్సింది మూడెందుకయ్యిందే?"
చుట్టూ ఉన్నోళ్లు నొక్కుతారు.

లోపల అమ్మ పాలవాడితో ఒడియాలో బేరమాడి
తెలుగులో నన్ను తిట్టి
చిల్లర మాత్రం రెండూ కాని భాషలో లెక్కపెడుతోంది.
శ్రీకాకుళం వెళ్తే మా మాటకి నవ్వుతారు.
గీత కాస్త పక్కకి జరిగిందని.

మగ్గం అంచు దగ్గర మూడు నాడెలు ఆగి ఉన్నాయి.
నాన్న వాటి వైపు చూశాడు. నేనూ చూశాను.

మంగళవారం కాళ్‌బైశాఖి.
రేకులు ఎగిరిన చప్పుడు, కరెంటు పోయింది,
కంప్రెసర్ దగ్గు సగంలో ఆగింది.
జనరేటర్‌లో డీజిల్ లేదు. బనమాలి డబ్బా పట్టుకుని
వానలోకి పరిగెత్తాడు.
బ్యాటరీ మీద నేనూ, ఒక తెరా.
పద్నాలుగు. పంతొమ్మిది. ఇరవై ఏడు.
మూడు కొనలూ కరుగుతున్నాయి,
ఎడమది ముందు.
కదలలేనివి కదులుతున్నాయి లోపల,
ఒక సోడియం ఇంకో సోడియాన్ని తడుముకుంటోంది.
ఎర్రగా దూరాన ఒక కొత్త మరక,
జంటలది కావచ్చు. చూస్తుండగానే అదీ పోయింది.
ముప్పై నాలుగు.
పీడనం ముల్లు లేచి నిలబడింది,
ఆర్గాన్ వచ్చినట్టే వెళ్లిపోయింది, ఎవర్నీ వెంట తీసుకెళ్లకుండా.

బనమాలి తడిసిపోయి వచ్చాడు. "హెలా, దీదీ?"
అయిపోయింది, అన్నాను.
నోటుబుక్కులో: మూడు గంటల పది. నీలం లేదు.
పలక మీద వేలిముద్రంత బూడిదరంగు.

తెల్లారి ఇంటికి వచ్చేసరికి
నాన్న రంగుల డేగిసాలో ఉప్పు వేస్తున్నాడు.
చెయ్యి వణికి చిటికెడు పొయ్యిలో పడింది.
ఒక్క క్షణం మంట పసుపు.
"ఇదేనా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.